ఎత్తుకుపోయిన దగ్గు

పెద్దపల్లిలో లలిత నడిపే బ్యూటీ పార్లర్‌లో ఇప్పటి క్రీములు, స్ప్రేలు, షాంపూల వాసనలు ఎన్ని కలగలిసి ఉన్నా, అడుగు అరలో ఆమె దాచుకున్న పాత నాటకాల రంగుల రేకు డబ్బా మూత తీస్తే చాలు, సఫేదా పొడి, కొబ్బరినూనె, ఎవరెవరివో పాత చెమటలు కలిసిన ఒక ముతక వాసన వాటన్నిటినీ తోసుకొని ముందుకొస్తుంది. మొన్న మా అన్న మనవరాలిని బడి వార్షికోత్సవానికి ముస్తాబు చేయిద్దామని తీసుకెళ్లినప్పుడు, లలిత నన్ను చూసి మరీ ఆ మూత తీసింది. ఆ వాసనకు ఎవరికైనా ముందు చిన్నతనం గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ముందు అనుమానం వస్తుంది, చిన్నతనం దాని వెనకాల మెల్లగా వస్తుంది. ఈమె ఊరికే తీయదు, ఏదో ఉంది అనుకున్నాను. ఉండనే ఉంది.

“రూతక్కా, మల్లేశన్న వస్తున్నడు. నిన్ను కలువాలెనట. జర కూసో,” అంది.

మల్లేశన్న ముఖం చూడకుండా, పెళ్లిళ్లలో ఎదురైతే పక్కకు తప్పుకుంటూ, నేను నా జీవితంలో పెద్ద భాగం గడిపేశాను. ఆయనకు ఇప్పుడు నాతో ఏం పని? చిట్టీ కట్టమంటాడా, కొడుక్కి సంబంధం చూడమంటాడా? లేచి పోదామంటే పిల్ల ముఖానికి అప్పటికే ఒక చెంప రంగు పడింది.

ఈ అనుమానం నాకు మా అవ్వ నుంచి వచ్చింది. అవ్వ అంటే మా అమ్మ; మా దిక్కు అట్లాగే పిలుస్తాం. పాలవాడు పాలలో నీళ్లు కలిపాడని ఆమె ఎప్పుడూ అనలేదు, నీళ్లలో పాలు కలిపాడనేది. పాస్టరు గారు మా ఇంట్లో ప్రార్థన కాస్త ఎక్కువసేపు చేస్తే, మన గురించి ఈయనకు ఎవరేం చెప్పారో అని ఆ వారమంతా చుట్టుపక్కల ఆడవాళ్లను పరీక్షగా చూసేది. క్రిస్మస్‌కు పక్కింటివాళ్లు పంపిన గారిజె విరిచి, లోపల కొబ్బరి ఉందో, ఉత్త పుట్నాల పిండి ఉందో చూశాకే మా చేతికిచ్చేది.

మా క్వార్టరు గోదావరిఖనిలో, ఒకదాని వీపు ఒకటి ఆనుకొని కూర్చున్నట్టుండే బొగ్గుగని కంపెనీ ఇళ్ల వరసలో ఉండేది. పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే ఇంటింటి ముందు బొగ్గు పొయ్యిలు బయటికొచ్చేవి. బొగ్గు రాజుకునేదాకా ఆ చిక్కటి పొగ వాడకట్టంతా పాకి, బడికి వేసుకునే తెల్ల చొక్కాల్లోనూ, పెరుగన్నంలోనూ, చివరికి మా జడల్లోనూ దూరి కూర్చునేది. మధ్యాహ్నం నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు గలగలమనేవి; కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడితే మాకు అదో వేడుక. మగపిల్లలు దుమ్ములో చిర్రగోనె ఆడితే, మేము గుమ్మం నీడలో ఓమనగుంటలు ఆడేవాళ్లం. డ్యూటీ దిగి వచ్చిన నాన్నలు ఎంత రుద్ది కడుక్కున్నా రెప్పల అంచుల్లో బొగ్గు నిలిచిపోయి కాటుక దిద్దుకున్నట్టు ఉండేవాళ్లు. అందుకేనేమో, నాటకంలో రాజుగారికి కాటుక పెడుతుంటే మాకు రాజెవరూ గుర్తుకొచ్చేవారు కాదు, ఎవరి నాన్నో గుర్తుకొచ్చేవాడు.

నాటకాలు వేయించేది పీటర్ సారు. బడిలో డ్రిల్లు మాస్టరు. సాయంత్రం కమ్యూనిటీ హాలులో కాలనీ పిల్లల్ని పోగేసి, హిందువు, క్రైస్తవుడు, చదివేవాడు, చదువు మానేసినవాడు అని చూడకుండా అందరికీ వేషాలు కట్టేవాడు. ఆయన పద్ధతి ఒక్కటే. ఎవరి వేషం వేస్తున్నావో ఆ మనిషి దగ్గరికి పోయి కూర్చోవాలి, మాట్లాడొద్దు, ఊరికే చూడాలి. అందుకని మా కాలనీలో ఎప్పుడు చూసినా ఎవరో ఒక పిల్లవాడు ఎవరో ఒక పెద్దాయన ఎదురుగా బాసిపట్టు వేసుకొని కూర్చొని కన్నార్పకుండా చూస్తుండేవాడు. కొత్తవాళ్లకు అది పిచ్చిగా కనిపించేది. మాకు అలవాటే.

ఒక ఏడు దసరా సెలవులకు సారు బొగ్గు నింపే ముసలి కార్మికుడి నాటకం కట్టాడు. ముసలివాడి వేషం మల్లేశన్నది. అప్పటికి పద్దెనిమిది నిండీ నిండని వాడు, సన్నగా చువ్వలా ఉండేవాడు. ముసలివాడికి దగ్గుండాలి కదా, ఆ దగ్గు కోసం మా ఇంటికొచ్చాడు. మా నాన్నను మేము బాపు అనేవాళ్లం. బాపు ఏళ్ల తరబడి గనిలో తట్టలతో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపినవాడు. ఆయన ఛాతీలో ఒక దగ్గు కాపురముండేది. చిన్నగా, పొడిగా మొదలై, ఆగుతుందనుకున్నప్పుడు మళ్లీ ఎత్తుకొని, చివర్లో గొంతు సవరించుకున్నట్టు ఒక ‘హుఁ’తో ముగిసేది. మల్లేశన్న సాయంత్రాలు వచ్చి మంచం ఎదురుగా నేల మీద కూర్చునేవాడు. బాపు సిగ్గుపడి, “ఏం జూస్తవ్‌రా, గిది గూడ నాటకమేనా?” అని నవ్వి, ఆ నవ్వుకే మళ్లీ దగ్గేవాడు. అవ్వ మాత్రం మల్లేశన్నకు చాయ ఇస్తూ అతని చేతుల వంకే చూసేది, గిన్నో గ్లాసో ఎత్తుకుపోతాడేమోనని.

నాటకం రోజు ఆడవాళ్లు బతుకమ్మ ఆడి, తలల్లో తంగేడు పూల పుప్పొడితోనే హాలుకొచ్చారు. మలీద ముద్దలు కొంగుల్లో ఉన్నాయి, పిల్లలు ఆ కొంగులు లాగుతున్నారు. మల్లేశన్న గోడ పట్టుకొని, నడుము వంచి, కళ్లు తేలేసి దగ్గుతుంటే హాలు హాలంతా ముక్కులు చీదింది. లలిత అతని కూతురి వేషంలో ఏడవాల్సిన చోట నిజంగానే ఏడ్చి మాట మరచిపోయింది. బాపు ముందు వరసలో కూర్చున్నాడు. తనకు దగ్గొస్తే నాటకం చెడుతుందని తువ్వాల నోట్లో కుక్కుకొని, ముఖమంతా ఎర్రబడి, భుజాలు ఎగరేస్తూ చివరిదాకా చూశాడు. పక్కనున్నవాళ్లు ఆయన కూడా ఏడుస్తున్నాడనుకున్నారు.

ఆ తర్వాత కొంతకాలానికి మల్లేశన్న నాన్న అన్‌ఫిట్ అయ్యాడు. ఈ మాట బయటివాళ్లకు చెప్పాలి. గనిలో దిగలేనంత జబ్బు ఉన్నదని డాక్టర్ల బోర్డు రాసిస్తే, ఆ కార్మికుడి కొడుక్కి ఉద్యోగం ఇచ్చేవారు. మా ఇళ్లలో కొడుకులకు అంతకు మించిన ఆస్తి లేదు. మల్లేశన్నకు గనిలో కొలువు వచ్చింది. అంత మంచిగా నడుస్తూ, మార్కెట్టుకు పోతూ ఉన్న మనిషి ఎట్లా అన్‌ఫిట్ అయ్యాడని కాలనీ అంతా గుసగుసలాడింది. కొడుకు నాటకం తండ్రికి పనికొచ్చిందన్నారు. దగ్గు నేర్పి పంపాడన్నారు.

మరికొన్నాళ్లకు బాపు వంతు వచ్చింది. మా అన్న పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నాడు. అందరి ఆశా బాపు జబ్బు మీదే. అవ్వ బాపుకు తెల్ల చొక్కా తొడిగి, ప్రార్థన చేసి పంపింది. సాయంత్రం బాపు వచ్చి చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చున్నాడు.

“డాక్టర్ నవ్విండు,” అన్నాడు. “మంచిగ చేస్తున్నవ్, నాటకాలల్ల ఉంటవా అన్నడు. ఫిట్ అని రాసిండు.”

అవ్వకు లెక్క క్షణంలో తేలిపోయింది. “ఇంకేంది? గా మల్లేశం మన దగ్గు ఎత్తుకపోయిండు. వాని అయ్యకే అమ్ముకున్నడు. డాక్టర్ ముంగట గదే దగ్గు రెండోపారి దగ్గితే నవ్వక ఏం జేస్తడు?”

బాపు ఏమీ అనలేదు. ఆ మౌనమే మాకు సాక్ష్యం. రిటైరయ్యేదాకా ఆయన గనిలోకి దిగుతూనే ఉన్నాడు, అన్న బొగ్గు లారీ మీద క్లీనరుగా ఎక్కి, ఏళ్లకు గాని స్టీరింగ్ ముందుకు రాలేదు. రిటైరైన తర్వాత బాపు ఎక్కువ కాలం లేడు. మట్టి చేసిన రోజు మల్లేశన్న వచ్చి చర్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రాలేదంటే తప్పు చేసినట్టే అని అవ్వ, అవునని నేను.

పీటర్ సారు పోయాక నాటకాలూ పోయాయి, వేషాలు వేసినవాళ్లు తలో దిక్కు అయ్యారు. వాళ్ల సంగతులు లలిత ద్వారా తెలుస్తుంటాయి గాని నేను ఏదీ పూర్తిగా నమ్మను. ఎప్పుడూ రాజు వేషం వేసే రాజయ్య గోలేటిలో ఒక గేటు దగ్గర కాపలా ఉంటూ, వచ్చే పోయే ప్రతి కారుకూ సలాం కొడుతున్నాడట, సంతోషంగానే ఉన్నానంటాడట. రాజులు అట్లాగే అంటారు. క్రిస్మస్ నాటకంలో దేవదూతగా శుభవార్త చెప్పిన జాను సెంటినరీ కాలనీలో గుమాస్తా. అదే వెలుగు ముఖంతో మీ ఫైలు రేపే కదులుతుందని చెబుతాడు, అది కదలదు. లలిత ఏడుపు వేషాల నుంచి పెళ్లికూతుళ్ల ముస్తాబులోకి వచ్చింది. నేను ఏ చీర కట్టినా బాగుందంటుంది కాబట్టి నేను ఆమెను చీరల గురించి అడగను.

మల్లేశన్న రానే వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, మెట్లెక్కి వచ్చినందుకే ఆయాసపడుతున్నాడు. లలిత చూపించిన కుర్చీలో, అద్దం ముందు కూర్చున్నాడు. నేను ఆయన్ని నేరుగా చూడలేదు, అద్దంలో చూశాను.

“అవ్వ పోయిందని మొన్ననే తెల్సింది చెల్లె. అందుకే వచ్చిన.”

“అవ్వతోని నీకేం పని?”

“పని గాదు. మీ బాపుకు, కాకకు, ఇచ్చిన మాట ఉండె. మీ ఇంట్ల చెప్పొద్దన్నడు. అవ్వ ఉన్నన్ని దినాలు నోరు మూసుకున్న.” ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. “మా బాపు బోర్డుల దగ్గలే. ఆయినకు దగ్గే లేదు. కండ్లు పోయినయ్. కాలనీ తొవ్వలు కాళ్లకు ఎరికే గదా, మంచిగనే తిరుగుతుండె, ఎవ్వలకు తెల్వలే. డాక్టర్ అక్షరాల అట్ట చదువుమంటే ఆయిన తలుపు దిక్కు చూసిండు.”

“మరి మా బాపు?”

“బోర్డుకు పోయే ముంగట కాక నన్ను గ్రౌండు ఎనుకకు పిలిచిండు. దగ్గు నేర్పురా అన్నడు. కాకా, గది నీదే గదనే, నీ తాననే నేర్చుకుంటి అన్న. ఇనలే. ‘నా దగ్గుకు మా ఇంట్ల పిల్లగాండ్లు గూడ తల తిప్పి చూడరు. నీ దగ్గుకు హాలంత ఏడ్సింది. డాక్టర్ ముంగట గదే కావాలె’ అన్నడు.”

“నేర్పినవా?”

“నేర్పిన. గోడ పట్టుకునుడు, వంగుడు, కండ్లు తేలేసుడు, అన్ని. కాక మంచిగ నేర్చుకున్నడు చెల్లె. జర తక్కువ నేర్చుకున్నా పాసయ్యేటోడు.”

నేను అద్దంలో ఆయన ముఖమంతా వెతికాను. ఈయన నటుడు, అవ్వ పోయాక, అడిగేవాళ్లు లేరని కట్టుకథ తెచ్చాడేమో అని చూశాను. మా ఇంట్లో కూర్చొని మమ్మల్ని చూసినవాడే కాబట్టి పిల్లలు తల తిప్పరన్న సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది, ఆ మాట తనే అల్లి ఉండవచ్చు. కాని ఆ దగ్గు మాకు మధ్యాహ్నం బ్లాస్టింగ్ లాంటిదే. బాపు దగ్గితే మేము ఓమనగుంటల్లో గింజలు వేస్తూనే ఉండేవాళ్లం. ఇది బాపు గమనించాడని నేను ఏనాడూ అనుకోలేదు.

“ఆ దగ్గు ఒకసారి దగ్గు అన్నా,” అన్నాను. “నేర్పింది కాదు. మా బాపుది.”

వద్దని లలిత సైగ చేసింది. మల్లేశన్న కాసేపు కళ్లు మూసుకొని, భుజం మీది తువ్వాల తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మేము నాటకాలాడిన ఆ హాలు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు జరుగుతూ జరుగుతూ వచ్చి హాలునూ, మా క్వార్టర్ల వరసనూ, పీటర్ సారు మమ్మల్ని పరిగెత్తించిన గ్రౌండునూ మింగింది. బొగ్గు పొయ్యిలు లేవు. బాపుకు మా దగ్గర ఒక ఫొటో ఉంది గాని గొంతు ఎక్కడా లేదు, ఆ రోజుల్లో గొంతులు దాచుకునే తాహతు మాకు లేదు. ఆ లేని గొంతు పార్లర్‌లో, చిన్నగా, పొడిగా మొదలైంది. ఆగుతుందనుకున్నప్పుడు మళ్లీ ఎత్తుకుంది. చివర ‘హుఁ’ వచ్చింది. అదయ్యాక కూడా దగ్గు ఆగలేదు, అక్కడి నుంచి అది మల్లేశన్న సొంత దగ్గు.

సగం ముఖానికే రంగు పడ్డ మా అన్న మనవరాలు కుర్చీలో గిర్రున తిరిగింది. “అయ్యో, తాతకు నీళ్లియ్యిండ్రి జల్ది,” అంది.

లలిత నీళ్లకు పరిగెత్తింది. నేను ఏడుస్తూ కూర్చున్నాను. మా ఇంటి పిల్లల్లో ఆ దగ్గుకు ఒకరు తల తిప్పి చూడడం నాకు తెలిసి అదే మొదలు.