తలమీద చెయ్యి

ఎవరి తలమీద చెయ్యి పెట్టాలన్నా ముందు జేబురుమాలుతో అరచెయ్యి తుడుచుకుంటారు జీవరత్నం గారు. నరసాపురం సువార్త సభల్లో ఈ పాస్టరు గారి చేతికింద వందల తలలు వంగుతాయి. ఒంటరితనాన్ని జయించడం గురించి ఆయన రాసిన పుస్తకం ఎనిమిదిసార్లు అచ్చయింది. భార్య పోయాక ఆరేళ్లుగా ఇంట్లో ఆయన ఒక్కరే. భోజనానికి ముందు ప్రార్థనలో మాత్రం ఇప్పటికీ ‘మేము’ అనే అంటారు.

మొన్న ఆదివారం జ్వరంతో చర్చికి వెళ్లలేదు. సాయంత్రం గంజి తెచ్చిన వంటమనిషి పాపాయి గుమ్మంలోనే ఆగిపోయింది. టీవీలో వస్తున్న పాత సభలో ఆయనే మాట్లాడుతున్నారు: “జబ్బుతో ఉన్నవాళ్లు తలమీద చెయ్యి పెట్టుకోండి.” ఎదురుగా కుర్చీలో ఆయన తన తలమీద తన చెయ్యే పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నారు.

“అదేంటండి అయ్యగారూ, మీకు మీరే ప్రార్థన చేసేసుకుంటున్నారా? ఇంకెవరూ దొరకలేదా ఏంటి?” అని నవ్వింది పాపాయి.

“ఎవరిని పిలిచినా నన్నే చెయ్యమంటారమ్మా” అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, గిన్నెలు తోముతున్న పాపాయి ఎదుట పీట వేసుకుని కూర్చున్నారు. జేబురుమాలు తీసి ఆమె తడిచేతిలో పెట్టి, తల వంచారు.