అడ్డగోడకు అవతలి నవ్వు

దయ్యాలూ ఆత్మలూ అనేవాళ్లను నేను ముఖం మీదే తిట్టేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, బెంగళూరులో, పట్టపగలు ఒక హిందీ సినిమా చూస్తుండగా జరిగింది మాత్రం నాకు అంతుపట్టలేదు.

మా అక్క రుక్మిణి కాటన్‌పేటలో కాపురముండేది. వీధిలో హిందీ క్లాసులు పెడితే వెళ్లి నేర్చుకుంది. అప్పట్లో హాల్లో ఆడవాళ్లు అడ్డగోడకు అవతల కూర్చునేవారు. హిందీ రాని మన తెలుగు ఆడవాళ్లు అక్క చుట్టూ చేరేవారు. తెర మీది మాటలను ఆమె అప్పటికప్పుడు తెలుగులో చెప్పేది. గుర్తుండాలని పాత్రలకు మా వీధివాళ్ల పేర్లు పెట్టేది. అందుకే మగవాళ్లు నవ్విన కాసేపటికి గోడ అవతల నవ్వు వినబడేది.

నాకూ ఆమెకూ ఒక పెళ్లి బంతిలో చెడింది. ఓళిగల పళ్లెం నా విస్తట్లో ఒక్క బొబ్బట్టూ వెయ్యకుండానే నన్ను దాటిపోయింది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. తప్పు వడ్డించినవాళ్లదే, ఈనాటికీ ఆ మాటే అంటాను. అక్క దాన్ని కథలా చెప్పి పదిమందినీ నవ్వించింది. నాలుగు నెలలు ఆమె గడప తొక్కలేదు.

అప్పుడే ఆ సినిమా వచ్చింది. ప్రేమకథ, అంతా నవ్వులాట. ఊళ్లో ఎక్కడ విన్నా దాని పాటలే. తమ్ముడు తోడొస్తేనే వెళతానని అక్క రెండుసార్లు కబురు పంపింది. నేను జవాబివ్వలేదు. మూడో కబురు విషజ్వరం గురించి. నేను వెళ్లేసరికి మాట పడిపోయింది. మర్నాడు పోయింది.

నెల దాటినా ఆ సినిమా ఆడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం ఒక్కణ్ణే వెళ్లి అడ్డగోడ పక్కన కూర్చున్నాను. అక్క పక్కింటి సుబ్బమ్మత్త ఆడవాళ్ల వైపు వెళ్లడం చూశాను.

మగవాళ్లు నవ్వారు. కాసేపటికి గోడ అవతల ఆడవాళ్లు నవ్వారు. ఆట పొడుగునా అంతే. మధ్యలో ఎవరిదో గొంతు సన్నగా వినబడేది, మాటలు తెలిసేవి కావు. హిందీ వచ్చినామె ఇంకెవరో అనుకున్నాను.

ఆట విడిచాక కాటన్‌పేట వెళ్లాను. సుబ్బమ్మత్త వీధి కొళాయి దగ్గర బిందెతో ఉంది.

"నువ్వూ వచ్చింటివా అప్పా? మొదలు ఏమీ అర్థం కాక తూగుతా ఉంటి. వెనక వరసలో ఆయమ్మ ఎవరో చెప్పబట్టి సరిపోయె. మాటిమాటికీ అలిగి పెట్టె సర్దుకునేవాడు ఒకడుండాడు కదా, వానికి నీ పేరే పెట్టింది. గొంతు అచ్చం మన రుక్మిణి మాదిరే. తిరిగి చూస్తే చీకట్లో ఏమీ కనబడలే."

"చివర్లో వాడి గురించి ఏం చెప్పింది అత్తా?"

"అంతవరకూ యాడుంటి? నీళ్లొచ్చే పొద్దాయని లేచి వస్తి."

మర్నాడు ఆడవాళ్ల ద్వారం దగ్గర టికెట్లు చింపే ఆమెను అడిగాను. వెనక వరస బెంచీలు విరిగిపోయాయనీ, వారం నుంచి అక్కడ ఎవరినీ కూర్చోనివ్వడం లేదనీ చెప్పింది. ఇంకా మూడుసార్లు అదే ఆటకు వెళ్లాను. గోడ అవతల గొంతు వినబడలేదు, నవ్వూ లేదు.

తెర మీద చివర ఏమైందో నేను చూశాను. ఆ అమ్మాయి వాడి పెట్టె లాక్కుని ఇంట్లోకి తీసుకుపోయింది. ఆ చోట అక్క నా పేరు పట్టుకుని ఏమందో నాకు తెలియదు. ఆ గొంతు ఎవరిదో కూడా ఈనాటికీ చెప్పలేను. ఇంకో పది నిమిషాలు కూర్చోకుండా బిందెడు నీళ్ల కోసం లేచిపోయిన సుబ్బమ్మత్తను మాత్రం నేను క్షమించలేదు.