చేతిలో ఉప్పు

మియాపూర్‌లో ఉండే అమ్మణ్ణి భయపడని వస్తువంటూ లేదు. లిఫ్టన్నా భయమే, మెట్రో తలుపులన్నా భయమే. అలాంటి మనిషి ట్రెజరీ ఆఫీసులో రిటైరయ్యాక, గోపన్‌పల్లిలో రూబీ ఆదివారాలు తన ఫ్లాటులో నేర్పే వాటర్ కలర్స్ క్లాసులో చేరింది.

ఆరోజు పాఠం బండరాయి. రాయికి గరుకుదనం రావాలంటే, రంగు తడిగా మెరుస్తుండగానే ఉప్పు చల్లాలి. రూబీ అరచేతిలో ఉప్పు పోసుకొచ్చి, "జల్ది తీస్కోండి ఆంటీ, ఆరిపోతది" అంది.

అమ్మణ్ణి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉప్పు చేతిలోంచి చేతిలోకి తీసుకుంటే తగవులొస్తాయంటారు. పన్నెండేళ్ల కిందట వంటింటి హడావిడిలో చెల్లెలు ఉదయశ్రీ చేతిలోంచి అలాగే తీసుకుంది. ఆ వారంలోనే మాటామాటా పెరిగింది. ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు.

"బల్లమీద పెట్టమ్మా" అంది.

పెట్టేసరికి మెరుపు పోయింది. చల్లిన ఉప్పు రాయిమీద ఉప్పులాగే ఉండిపోయింది.

అమ్మణ్ణి రెండో కాగితం మీద రంగు వేసింది. రూబీ మళ్లీ చెయ్యి చాపింది. రంగు కళ్లముందే ఆరిపోతోంది. అమ్మణ్ణి ఊపిరి బిగబట్టి, ఆ అరచేతిలోంచి ఉప్పు లాక్కుని చల్లేసింది. తెల్లటి మచ్చలు విచ్చుకుని రాయి గరుకెక్కింది.

"కిరాక్ వచ్చింది ఆంటీ!" అంది రూబీ.

అమ్మణ్ణి బొమ్మకేసి చూడలేదు. ఉప్పంటిన చేత్తోనే రూబీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వచ్చే ఆదివారం కూడా నాతో మాట్లాడతావు కదమ్మా?"