ఓబులయ్య చెప్పని లెక్క

మా తమ్ముడు ఓబులయ్య నడక నేర్చిన నాటి నుంచి గొర్రెల వెనకే నడిచాడు. ఏడేళ్ల కిందట మా అడవికి కంచె వేసి, లోపలి చెరువుతో సహా దానికి పార్కు అని పేరు పెట్టారు. ఉదయగిరి నుంచి, ఆత్మకూరు నుంచి, ఇంకా దూరం నుంచి జనం కార్లలో వచ్చి, టికెట్టు కొనుక్కుని కొంగలను చూసి పోతారు. మాకు ఊరికే కనబడుతున్నన్నాళ్లూ వాటిని చూడాలని మాకెవరికీ తోచలేదు.

మేత పోయాక మంద అమ్మేశాడు. జాలిపడి వాడికి వాచరు పని ఇచ్చారు. ఖాకీ చొక్కా ఒకటి, మెడలో ఈల ఒకటి. గొర్రెలను నోటితో అదిలించిన మనిషికి ఈల ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వాడి అసలు పని శనివారం పొద్దునది. చెరువు కట్ట మీద నిలబడి పక్షులెన్ని ఉన్నాయో చూసుకుని, ఆఫీసులో గుమాస్తా సురేంద్రబాబుకు చెప్పాలి. అతను దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తాడు. ఈ ఏడేళ్లలో సురేంద్రబాబు కట్ట ఎక్కిన పాపాన పోలేదు.

చూడటంలో మా వాడికి తిరుగులేదు. దొడ్డిలోకి మంద దూరుతుంటే పక్కవాడితో కబుర్లాడుతూనే ఒక గొర్రె తగ్గిందని పట్టేసేవాడు. కానీ మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మంద ఎంతుందో నోటితో అనకూడదు. అంటే దిష్టి తగిలి మంద తరిగిపోతుంది. మా నాయన వెనక రెండు వందల జీవాలను పెట్టుకుని, అడిగిన వాళ్లకు "ఏందో నాలుగు పిల్లలుండాయి" అనేవాడు.

పక్షులనూ ఓబులయ్య అలాగే కాచాడు. మొదటి ఏడాది నాలుగు వందలు వాలితే మూడు వందలని చెప్పాడు. మరుసటేడు ఇంకా వచ్చాయి. వాటితో పాటు వాడి భయమూ పెరిగింది, రెండు వందలకు దించాడు. చెరువులో పక్షులు పెరిగేకొద్దీ కంప్యూటర్లో తరిగాయి. ఈ ఏటికి తుమ్మచెట్లన్నీ రెట్టలతో తెల్లబడిపోయాయి. లెక్కలో మాత్రం అరవై.

ఒక పొద్దున పెద్ద ఆఫీసరు జీపులో దిగాడు. వెంట రాధిక అని, పక్షుల చదువు చదివే పిల్ల. నేను వాడికి సద్ది తీసుకుపోయి ఆఫీసు ముందే ఉన్నాను.

"మూడొందల నుంచి అరవైకి తెచ్చావు. కాపలా కాశావా, కోసుకుని తిన్నావా?" అన్నాడు ఆఫీసరు. "పక్షుల్లేని పార్కుకి వాచరెందుకు? రేపటి నుంచి రావద్దు."

ఓబులయ్య నేల చూపులు చూశాడు. మంద లేదు, అరవై రెండేళ్ల వాడికి ఇంకెవరూ పని ఇవ్వరు. చెరువేమో ఆఫీసరు వీపు వెనకే ఉంది. పది అడుగులు కట్ట ఎక్కితే కనబడుతుంది. లెక్కల కాగితం చేతిలో ఉండగా కట్ట ఎక్కడమెందుకని కాబోలు, ఆయన ఎక్కలేదు.

రాధిక ఎక్కింది. "సార్! ఒకసారి పైకి రండి!" అని కేక పెట్టింది.

ఎక్కాక ఆయన చెరువును, చేతిలో కాగితాన్ని మార్చి మార్చి చూశాడు. వెనకే వచ్చిన సురేంద్రబాబు, "ఇవన్నీ ఈ వారమే వచ్చినట్టుండాయి సార్" అన్నాడు.

"ఓబులయ్యా, ఎన్ని ఉన్నాయి?" అన్నాడు ఆఫీసరు.

"ఏందో, కొన్ని ఉండాయి సార్."

"ఈ అమ్మాయి లెక్కపెట్టే లోపల నీ నోటితో సరైన లెక్క చెప్పు. చెబితే పనిలో ఉంటావు. లేదంటే ఇంటికి పో."

నేను ఆగలేకపోయాను. "చెప్పరా! నోరు పడిపోయిందా?"

"నువ్వు గూడా అంటావా అక్కా? నాయన చెప్పినాడా ఏనాడన్నా?" అని ఈల తీసి సురేంద్రబాబు చేతిలో పెట్టాడు. పోయి తూము మీద చెరువుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

రాధిక మూడు కాళ్ల దుర్భిణిలో కన్ను పెట్టి అరగంట లెక్కించింది. ఆఫీసరు ఒక టెంకాయ నీళ్లు తాగి, రెండోది కొట్టించుకున్నాడు.

"సార్, తొమ్మిది వందల ఎనభై మూడు."

ఓబులయ్య తల ఎత్తాడు. ఉద్యోగం పోతున్నా కదలని మనిషి, తప్పు లెక్క వినేసరికి లేచి నిలబడ్డాడు.

"ఎవురు నేర్పినారమ్మా నీకు లెక్క? ఆ మూల తుమ్మల ఎనక నీటికాకులు ఇరవైయేడు వదిలేసినావే. నువ్వు అద్దంలో కన్ను పెట్టినప్పుడు నీ తల మీదగా ఎనిమిది గూడబాతులు పొయ్యినాయే, ఆ దరి నీళ్లల్లో దిగిన సద్దు ఇనబడలేదా? అయ్యి మనయి కాదా? గూళ్లల్లో ఆరు పిల్లలు పండుకోనుండాయి. అయ్యి గూడా పక్షులే!"

రాధిక దుర్భిణి అటు తిప్పింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, "ఇరవై ఏడే సార్!" అంది. "మరి మొత్తం ఎంత తాతా?"

"అది మాత్రం నన్నడగబాక. తప్పినయి చెప్పినా. కూడుకునేది మీరు."

ఆఫీసరు తన చేత్తోనే ఈల తెచ్చి వాడి మెడలో వేశాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆయన ముఖంలో సంతోషం లేదు. సురేంద్రబాబును పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాననుకున్నాడు, మాకు వినబడుతూనే ఉంది.

"పోయిన వారం అరవై. ఈ వారం వెయ్యి దాటిందంటే పైవాళ్లు నన్నే నిలదీస్తారు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించొద్దు. ఈసారి తొంభై అని ఎక్కించు. వచ్చేవారం నూటయాభై. అలా మెల్లగా పోదాం."

ఓబులయ్య దగ్గరికి పోయి, మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూశాడు.

"మీ ఇంట్లో గూడా గొర్రెలుండినాయా సార్?" అని ఆప్యాయంగా అడిగాడు.