కొట్టానికి రెండో తలుపు

ఆ పొద్దు విమానం రాకపోయి ఉంటే మా బాపూ, మా కోహెడ మామా ఒక పశువుల కొట్టానికి చెరో పక్కన, చెరో తలుపు బయట, వానలో నానుతూ ఇప్పటికీ నిలబడే ఉండేవారు. ఇద్దరినీ అట్లా నిలబెట్టిన మేధావిని నేనే. పత్రికలో పనిచేసినన్నాళ్లూ దేశదేశాల సంధుల గురించి గంభీరంగా రాశాను గానీ, స్వహస్తాలతో ఒక సంధిని సర్వనాశనం చేయబోయిన సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అవి నిజాం రాజ్యం చివరి రోజులు. పట్నంలో కాలేజీ మూతపడితే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇబ్రహీంపట్నం చేరాను. ఊళ్లో పగలు ఒకరి భయం, చీకటి పడితే ఇంకొకరి భయం. యూనియన్ సైన్యం కదిలిందని కొందరు, ఢిల్లీతో రాజీ కుదిరిందని కొందరు. రాజీ అన్న మాట వింటే నాకు ఒళ్లు పులకరించేది. మా చరిత్ర సారు యూరప్ రాజ్యాల రాయబారాల పాఠం ముగించాడో లేదో కాలేజీకి తాళం పడింది మరి. బుర్ర నిండా రాయబారాలే. నడపడానికి రాజ్యాలే లేవు.

వెతికితే రెండు దొరికాయి. ఒకటి మా ఇల్లు. రెండోది కోహెడలో మామ ఇల్లు. మామ మా అమ్మకు అన్న. ఆయన కొడుక్కి మా అక్కను చేసుకోవాలన్నది చిన్ననాటి మాట. అక్కకూ బావకూ ఇష్టమే. కానీ ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన ఒక పెళ్లిలో మామకు భోజనాల మొదటి బంతిలో చోటు దొరకలేదు. రెండో బంతిలో కూర్చోబెడితే విస్తరి ముందు నుంచి లేచి, బండి కట్టించుకుని వెళ్లిపోయాడు. ఇక ఆయనది ఒకటే మాట: "బావనే వచ్చి నన్ను పిలవాలె." మా బాపుదీ ఒకటే మాట: "లేశిపోయినోడే మళ్ల రావాలె."

కాలం బాగాలేదు, ఎదిగిన పిల్లను ఇంట్లో పెట్టుకోలేనని బాపు భయం. దసరా లోపు మామ రాకపోతే తుక్కుగూడలో పెళ్లాం పోయిన ఒకాయనకు అక్కను ఇచ్చేస్తానన్నాడు. అక్క నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, గంత సదువుకున్నవ్. జర ఏమన్న జెయ్యిరా."

"ఫికర్ జెయ్యకక్కా. యూరప్‌ల గిసొంటియి మస్తు అయినయ్."

"యూరప్‌ల రెండో బంతిల కూసోవెట్టిన్రా?"

"అంతకన్న ఘోరం. ఎవరు ముందుగాల లోపలికి రావాలెనని కొట్టుకున్నరు."

అది నిజమే. ఏళ్ల తరబడి యుద్ధం చేసిన రాజ్యాలు సంధికి కూర్చుంటూ, ఎవరూ ఎవరి వెనకా నడవకుండా, ఆ మందిరానికి నాలుగు తలుపులు పెట్టించాయని సారు చెప్పాడు. ఆ తలుపులు నాకు ఎంతగానో నచ్చాయి. మావి రెండు రాజ్యాలే కనుక రెండు తలుపులు చాలనుకున్నాను.

మా ఊరికీ కోహెడకూ నడుమ, దూరపు చుట్టం వెంకటయ్య తాతకు ఒక మట్టిగోడల కొట్టం ఉంది. ఒకటే తలుపు. ఎదురుగోడ కొట్టి ఇంకో తలుపు పెడతానంటే తాత నవ్వాడు.

"సర్కార్లే కూలుతున్నయ్, నా గోడెంత! కొట్టుకో. వాళ్లొచ్చిన్నాడు నేనుండి కాళ్లకు నీళ్లిస్త."

"వద్దు తాతా! అది ఎవ్వరిదిగాని జాగ కావాలె. ఇంటాయన ఉండొద్దు."

"ఇంటాయన లేకుంటెట్ల బిడ్డా?"

"గట్లనే ఉండాలె."

తాత నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, బీడీ వెలిగించుకున్నాడు. పాఠకులారా, నా పతనం ఆ బీడీతోనే మొదలైంది.

ఒకరి గడప ఒకరు తొక్కే పని లేదు గనుక రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. అనుకున్న రోజున తూర్పు తలుపు దగ్గరికి బాపూ, అమ్మా, అక్కా వచ్చారు. సరిగ్గా అప్పుడే పడమటి తలుపు దగ్గర మామా, బావా బండి దిగారు. నడుమ గొంగడి పరిచి నేను కూర్చున్నాను, చక్రవర్తిలా. ఎవరూ లోపలికి రారు!

"రాన్రి మామా," అన్నాను.

"నువ్వెవనివిరా పిలవనీకి? ఇల్లెవరిదో వాళ్లు పిలవాలె. కాళ్లకు నీళ్లేవి?"

ఇటు పరుగెత్తాను. "బాపూ, నువ్వన్న పిలువు."

"నా ఇల్లా ఇది? నేనుగూడ సుట్టాన్నే. నన్నెవరు పిలుస్తరు?"

"మరి మామా, నువ్వన్న..."

"పిలవని ఇంట్ల కాలువెట్టి, మళ్ల నేనే పిలవాల్నా? ఆ రెండో బంతే నయముండె!"

యూరప్ రాజులకు పిలిచేవాళ్లు అక్కర్లేదు కాబోలు, తలుపుంటే చాలు దూరిపోయారు. మా వాళ్లు పిలవనిదే గడప దాటరు. పిలవాల్సిన ఒక్క మనిషినీ నేనే రావద్దన్నాను. ఇంతలో వాన. ఇద్దరూ కదల్లేదు. మామ తలపాగా నుంచి నీళ్లు మీసాల మీదికి కారుతున్నాయి. అక్క నా వైపు చూసిన చూపులో నాకు తుక్కుగూడ కనిపించింది.

"బండి తిప్పురా," అన్నాడు మామ కొడుకుతో.

అప్పుడొచ్చింది విమానం. కొట్టం కప్పు ఎగిరిపోతుందా అన్నంత కిందుగా, ఆకాశం చింపుకుంటూ. "బాంబురో!" అని ఎవరో అరిచారు. మరుక్షణం టంగున ఒక చప్పుడు, రెండు తాటికాయలు ఢీకొన్నట్టు. విమానం వెళ్లిపోయాక చూస్తే బాపూ మామా గొంగడి పక్కన చతికిలబడి నుదుళ్లు రుద్దుకుంటున్నారు.

"తాకిందా బావా?"

"నాది పోనీ, నీకు తాకిందా?"

అక్క గబగబా చెంబు తీసి చూరు నీళ్లు పట్టింది. "కాళ్లు కడుక్కోన్రి."

"ముందుగాల మీ మామకియ్యి," అన్నాడు బాపు.

"ముందుగాల మీ బాపుకియ్యి," అన్నాడు మామ.

అక్క ఇద్దరినీ చూసి నిట్టూర్చి, పడమటి తలుపు దగ్గరికి నడిచింది. బావ ఇంకా బయటే, ఎద్దులు బెదిరిపోకుండా పగ్గాలు పట్టుకుని తడుస్తున్నాడు. చెంబు ఆయనకిచ్చి, "ఇగ నువ్వన్న లోపలికి రా," అంది.

నా పిలుపులు లెక్కలోకి రావు గనుక, ఆ కొట్టంలో ఒకరు ఇంకొకరిని పిలవడం అదే మొదలు. దసరా వెళ్లాక పెళ్లయింది. అందరూ ఒకే బంతిలో కూర్చున్నారు.

ఇక ఈ చేతులతో ఏ గోడకూ శాంతి కోసం తలుపు పెట్టనని, వెంకటయ్య తాత బీడీ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను, నిలబెట్టుకున్నాను. ఆనాడు ముందు లోపలికి దూకింది మామే అని బాపు, బాపే అని మామ కడదాకా వాదించుకున్నారు. అక్క మనవళ్లు ఇప్పటికీ రెండు జట్లుగా అదే వాదిస్తారు. తీర్పు చెప్పమని నా మీదికి వస్తారు. లోపల ఉన్న సాక్షిని నేనొక్కణ్ణే కదా. కానీ విమానం వచ్చినప్పుడు నేను గొంగడి కింద ఉన్నాను.