వేలు పడ్తలేదు

తొమ్మిదేళ్లపాటు నేను మనుషుల బొటనవేళ్లను అనుమానించి జీతం తీసుకున్నాను. నాచారం పారిశ్రామికవాడలో మందుల డబ్బాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. అట్ట మీద అచ్చు వేసి, కత్తిరించి, మడిచి, అంటించి మందుల కంపెనీలకు పంపుతాం. నేను టైం ఆఫీసులో హాజరు చూసేదాన్ని. గేటు దాటగానే గోడకు వేలిముద్ర మెషిన్, దాని పక్కన నా బల్ల. పొద్దున ఎనిమిదింటికి లైనులో వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరుగా వేలు పెట్టాలి. పచ్చ లైటు వెలిగితే లోపలికి పోతారు. ఎర్ర లైటు వెలిగితే నా వైపు చూస్తారు. నేను తల ఎత్తకుండానే "చెయ్యి కడుక్కొని రాపో" అనేదాన్ని.

ఆ మాట నా నోట ఎక్కువసార్లు విన్నది అంటించే సెక్షన్‌లో పనిచేసే ఒకామె. మెదక్ దిక్కు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఒక గదిలో ఉంటోంది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. పొద్దస్తమానం గమ్ముతో, అట్ట అంచులతో పని కాబట్టి ఆమె వేళ్లు నున్నగా అరిగిపోయాయి. వారంలో రెండు మూడు రోజులు మెషిన్ ఆమెను గుర్తుపట్టేది కాదు. చెయ్యి కడుక్కునేది, కొంగుకు తుడుచుకునేది, ఆఖరికి బొటనవేలిని పాపిట్లో రుద్ది తలనూనె అంటించుకుని మళ్లీ పెట్టేది. రేషన్ షాపులో అందరూ చేసే పనే. ఒక్కోసారి పడేది. పడకపోతే ఆ రోజుకు నాగా.

"మేడం, నేను ఈడనే ఉన్న గదా! మీరు సూస్తనే ఉన్నరు."

"నేను జూస్తే కాదు. మెషిన్ జూడాలె."

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. వేలు పడనివాళ్ల కోసం ఒక పుస్తకం ఉండేది. అందులో పేరు రాసి, పై అంతస్తులో ఉండే మేనేజర్ సంతకం తీసుకుంటే హాజరు వేయొచ్చు. ఆ పుస్తకం నా సొరుగులోనే, అడుగున ఉండేది. రోజూ సంతకం కోసం మెట్లెవరు ఎక్కుతారని నేను దాన్ని బయటికి తీసేదాన్ని కాదు. అంతకు మించి కారణం లేదు.

నా ఛాతీలో గడ్డ తగిలినప్పుడు కూడా నేను అలాంటి పనే చేశాను. కొవ్వు గడ్డ అనుకుని నాలుగు నెలలు పక్కన పెట్టాను. ఇతరుల నాగాలు అంత శ్రద్ధగా రాసినదాన్ని, నా ఒంటి సంగతి మాత్రం రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని నెట్టుకొచ్చాను. చివరికి మా ఆయనే బలవంతంగా హబ్సిగూడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆయన పోచారంలో ఐటీ ఉద్యోగులను దింపే క్యాబ్ నడుపుతాడు. క్యాన్సర్ అని చెప్పినప్పుడు నా చెయ్యి పట్టుకుని గట్టిగానే కూర్చున్నాడు. ఖర్చు చెప్పినప్పుడు మాత్రం లేచి, లిఫ్టు ఎదురుగా ఉన్నా మెట్ల మీదుగా దిగిపోయాడు. కంపెనీ బీమా నాకు లేదు. అందరి హాజరు చూసే నేను కాగితాల మీద కాంట్రాక్టు మనిషిని.

ఆ ఆసుపత్రి హాల్లోనే సముద్రం అవతలి దేశం నుంచి వచ్చిన ఒక జంటను చూశాను. వాళ్ల దేశంలో రేడియేషన్ మెషిన్లు చాలా తక్కువట. వంతు వచ్చేదాకా ఆగితే రోగం ఆగదని, ఉన్నదంతా అమ్ముకుని విమానమెక్కి వచ్చారని వాళ్ల వెంట ఉన్న దుబాసీ చెప్పాడు. వాళ్లు అంత దూరం నుంచి వచ్చిన చోటికి నేను షేర్ ఆటోలో వచ్చాను. అయినా లోపలికి పోయే స్తోమత నాకు లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ రోజంతా మా ఆయన మీద తెచ్చుకున్నాను.

దారి చూపింది అక్కడి నర్సే. "రేషన్ కార్డు మీద ఆరోగ్య కార్డు ఉన్నదా అమ్మా? ఉంటే సర్కారు దవాఖానకు పోరి. ఆడ గూడ గివే మందులు" అంది గొంతు తగ్గించి. కార్డు ఉంది. బీరువాలో పాత పట్టుచీరల మడతలో ఉంది.

పట్నం నడుమ ఉన్న ఆ సర్కారు దవాఖానలో బెంచీలు తక్కువ, జనం ఎక్కువ. వైద్యంలో మాత్రం నాకు లోటు కనిపించలేదు. ఆపరేషన్ అయింది. తర్వాత మూడు వారాలకోసారి సూది మందు, మధ్యలో రెండు పూటలా మాత్రలు. ప్రతిసారీ ముందు కింద కార్డు కౌంటర్‌లో వేలు పెట్టాలి. వేలు పడితే పైనుంచి అనుమతి వస్తుంది, అనుమతి వస్తే మందు వస్తుంది. మొదటిసారి పడింది, రెండోసారి పడింది. సూది మందుకు జుట్టంతా ఊడిపోయింది. మాత్రలకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొరలుగా లేచాయి. మందు గుణమే అంత, భయపడొద్దు అన్నాడు డాక్టరు. నేను భయపడలేదు. చేతులకు క్రీము రాసుకుంటూ కూర్చున్నాను, వేళ్ల కొసలు ఎలా ఉన్నాయో చూసుకోలేదు.

మూడో విడత ముందు ఆదివారం అంటించే సెక్షన్ ఆమె మా ఇంటికి వచ్చింది. ఆమె వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. బత్తాయిలు బల్ల మీద పెట్టి, "చర్చిల మీకోసం ప్రార్థన జేయించిన మేడం" అంది. నాకు సిగ్గేసింది. మాట మార్చడానికి ఏముందా అని నేను చూస్తుంటే ఆమె నా మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసి నవ్వింది.

"గిది మన డబ్బానే! ఈ మడత నేనే ఏస్త. మొన్న గిదే డబ్బా వేరే దేశం రాతతోని గూడ పోయింది. రంగు గిదే, రాత ఒక్కటే వేరే."

తొమ్మిదేళ్లు ఆ కంపెనీలో ఉండి ఆ డబ్బాల్లోకి ఏ మందు పోతుందో నేనెప్పుడూ అడగలేదు. ఆ హాల్లో చూసిన జంట గుర్తొచ్చింది. వాళ్ల ఊరికి కూడా ఈ డబ్బా చేరుతుందేమో, చేరినా అందుతుందో లేదో అనుకున్నాను. ఇంతలో మా ఆయన వచ్చి మర్నాడు బండికి సెలవు దొరకలేదని చెప్పాడు. నేను ఒక్కదాన్నే పోతానన్నాను.

"ఒక్కరెట్ల పోతరు? నేనొస్త" అంది ఆమె.

"నీకు నాగా పడ్తది గదా."

"నాగాలు నాకు కొత్తనా మేడం?"

ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగానే అంది. అందుకే నాకు ఇంకా గట్టిగా తగిలింది.

మర్నాడు హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, తొమ్మిదిన్నరకల్లా కౌంటర్ ముందు ఉన్నాం. లోపల కూర్చున్న అమ్మాయికి పాతికేళ్లుంటాయి. వేలు పెట్టాను. ఎర్ర లైటు. మళ్లీ పెట్టాను. ఎర్ర లైటే. ఆ అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండా అంది.

"వేలు పడ్తలేదమ్మా. చెయ్యి కడుక్కొని రాపో."

నా మాటే. నా గొంతే విన్నట్టు అనిపించింది.

నల్లా దగ్గర కడుక్కుని వచ్చాను. పడలేదు. అప్పుడు నా చెయ్యి దానంతట అదే తల మీదికి పోయింది, పాపిట్లో రుద్దుకుందామని. చేతికి స్కార్ఫ్ తగిలింది. స్కార్ఫ్ కింద ఏమీ లేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలినప్పుడు కూడా ఏడవని నేను ఆ లైనులో నిలబడి ఏడ్చాను. వెనక జనం, ముందు అద్దం, మధ్యలో నేను.

ఆమె నా ముందుకు వచ్చి తల వంచింది.

"నా తలకు రాయి అక్కా. పొద్దుగాలనే మస్తు నూనె పెట్టిన."

మేడం పోయి అక్క అయ్యానని నాకు తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం ఆమె పాపిట్లో నా బొటనవేలు రుద్దాను. కొబ్బరినూనె వాసన. మెషిన్ మీద పెట్టాను. ఎర్ర లైటు. చూపుడు వేలు, మధ్య వేలు, ఎడమ చెయ్యి, అన్నీ అయిపోయాయి. నా వేళ్ల మీద గీతలే లేవు. అప్పుడు చూసుకున్నాను. అంటించే సెక్షన్‌లో ఇరవయ్యేళ్లు పనిచేసినా అంత నున్నగా కావు.

"ఇయ్యాల అప్రూవల్ పోకపోతే సూది ఇయ్యరమ్మా. ఇంకో రోజు రావాలె" అంది అమ్మాయి.

"ఇంకో రోజైతే గీతలు మొలుస్తయా? మాత్రలు మింగుతున్నంత కాలం గిట్లనే ఉంటది. నేను ఈడనే ఉన్న గదమ్మా! నువ్వు సూస్తనే ఉన్నవ్!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక పక్కకు చూశాను. ఆమె తల దించుకుని కొంగు సర్దుకుంటోంది. పెదాల మీద చిన్న నవ్వుంది.

అప్పుడు నాకు నా సొరుగు గుర్తొచ్చింది. అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, కోపం తగ్గించుకుని అడిగాను.

"బిడ్డా, వేలు పడనోళ్లకు ఏదో ఒక దారి ఉంటది. నాకు తెలుసు, నాది గూడ గిదే నౌకరీ. జర ఎతికి సూడు."

ఆ అమ్మాయి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. ఎవరికో ఫోన్ చేసింది, కంప్యూటర్లో వెతికింది. దారి ఉంది. డాక్టరు ఒక కాగితం మీద మందు వల్ల వేలిముద్రలు పోయాయని రాసి సంతకం పెట్టాలి. దానికి నా ఫోటో జతచేసి పంపితే సరిపోతుంది. ఎవరూ అడగలేదు కాబట్టి తనెప్పుడూ వాడలేదంది. ఆ అమ్మాయిని తిట్టే హక్కు నాకు లేదు.

"డాక్టర్ సార్ రెండో అంతస్తుల ఉంటడు. లిఫ్టు స్ట్రెచర్లకే" అంది అమ్మాయి.

అరికాళ్ల చర్మం లేచిపోయిన మనిషికి రెండు అంతస్తులంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ప్రతి మెట్టుకూ ప్రాణం పోయింది. ఆమె భుజం మీద నా బరువంతా వేసి ఎక్కాను. తొమ్మిదేళ్లు ఎక్కని మెట్లన్నీ వడ్డీతో సహా ఎక్కిస్తున్నట్టున్నారు అనుకుంటే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని ఆమె అడిగితే మెట్ల మధ్యలో ఆగి చెప్పేశాను. పుస్తకం సంగతి, అది ఎక్కడుందన్న సంగతి.

ఆమె నా చెయ్యి తన భుజం మీద సరిగ్గా వేసుకుంది.

"నాకు ఎరుకే అక్కా. నువ్వు సొరుగు తీసినప్పుడు ఒకపారి కనబడ్డది" అంది. "నడు, జర మెల్లగ ఎక్కు."

డాక్టరు నా వేళ్లు వెలుతురులో తిప్పి చూసి నవ్వాడు. "మందు బాగా పనిచేస్తున్నదమ్మా. నీ గీతలు కూడా తుడిచేసింది" అని కాగితం రాసిచ్చాడు. గీతలు మళ్లీ వస్తాయా అని అడిగితే, మాత్రలు ఆపాక మెల్లగా వస్తాయన్నాడు. మధ్యాహ్నానికల్లా అనుమతి వచ్చింది, సూది పడింది. మేం వెళ్లేటప్పుడు కౌంటర్ అద్దానికి లోపలి నుంచి ఒక తెల్లకాగితం అంటించి ఉంది. వేలు పడనివాళ్లు ముందే చెప్పాలని, డాక్టరు కాగితం తెస్తే చాలని చేతిరాతతో రాసి ఉంది. అంటించిన తీరు వంకరగా ఉందని ఆమె విమర్శించింది. ఆ తర్వాత విడతలన్నీ నాకు కాగితం మీదే నడిచాయి.

ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్షకు పోతున్నాను. పోయినసారి అంతా బాగుందన్నారు. జుట్టు వేలెడు పెరిగింది, వింతగా రింగులు తిరిగి వస్తోంది. ఉద్యోగంలో మళ్లీ చేరిన రోజు మెషిన్ నన్నే గుర్తుపట్టలేదు. సొరుగు అడుగు నుంచి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, మొదటి పేరు నాదే రాసుకున్నాను, రెండోది ఆమెది. నెల తిరిగేసరికి నా గీతలు వచ్చేశాయి. ఒక పొద్దున పచ్చ లైటు వెలిగితే లైనంతా చప్పట్లు కొట్టింది.

నా వెనకే ఆమె వేలు పెట్టింది. ఎర్ర లైటు. అలవాటుగా తన చెయ్యి తల మీదికి పోబోతుంటే, బల్ల వైపు పోతున్నదాన్ని వెనక్కి తిరిగి ఆమె ముందు తల వంచాను.

"నా తలకు రాయి. ఇయ్యాల నేను గూడ నూనె పెట్టిన."

ఆమె పకపకా నవ్వి నా రింగుల జుట్టులో బొటనవేలు గట్టిగా రుద్దింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్ర లైటే. నేను పుస్తకం తీసి ఆమె పేరు రాసి, సంతకం కోసం మెట్లెక్కాను.