రాక్‌కు నాలుగు మార్కులే

నిన్న సజ్జ సర్దుతుంటే ఒక పాత క్యాసెట్ దొరికింది. పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచి ఉన్నాయి. అవి విరిచేస్తే దానిమీద ఇంకెవరూ రికార్డు చేయలేరు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మేడ్చల్‌లో మా ఇంట్లో మూడు ఇంగ్లిషు ఆల్బమ్‌లు ఉండేవి. రాక్, అమెరికా పల్లెపాటల కంట్రీ, పాప్. మా అన్న సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో ఖాళీ క్యాసెట్లలో నింపించుకొచ్చాడు. నేను మధ్యాహ్నాలు ఒక్కొక్కటీ రెండు వైపులా విని, నోట్‌బుక్‌లో పదికి మార్కులు వేశాను. పాప్‌కు ఆరు. కంట్రీకి తొమ్మిది. మాటలు సగమే అర్థమైనా, శామీర్‌పేట రోడ్డు పక్కన లారీ ఆపి ఎవరో కష్టం చెప్పుకుంటున్నట్టు ఉండేది. రాక్‌కు నాలుగు.

ఆ పుస్తకం అన్న చేతికి చిక్కింది. దోస్తుల ముందే అడిగాడు.

“రాక్‌కు నాలుగేందే? గిటార్ గురించి నీకేం దెల్సు?”

“రెండో దిక్కు ఎన్నడన్న ఇన్నవా అన్నా? మొదటిది అయిపోంగనే ఎనకకు తిప్పుతవ్.”

దోస్తులు నవ్వారు.

“ఆగు, నీ కంట్రీ మీద సినిమా పాటలు నింపిస్త.”

అతని ఎదురుగానే పిన్నీసుతో ఆ పలుకులు విరిచాను. కాగితం అతికిస్తే మళ్లీ రికార్డవుతుందని ఇద్దరికీ తెలుసు. అయినా అన్న దాన్ని ముట్టలేదు.

ఇప్పటికీ కుటుంబం గ్రూపులో ఆ రాక్ ఆల్బమ్‌ను మించింది లేదని రాస్తుంటాడు. అందుకే నిన్న మూడూ ఫోన్‌లో వెతికి, మొదటి నుంచి చివరిదాకా విన్నాను. పాప్‌కు ఒక మార్కు తగ్గించాను. రాక్ రెండో వైపు ఇప్పటికీ ఒకే పాటను సాగదీసినట్టే ఉంది. నాలుగుకు మించి ఇవ్వను. అన్న చదువుతాడని తెలిసే ఇది రాస్తున్నాను.